వాసన తెలియని టీచరు

రామతులసి ఆ బడికి బదిలీ మీద వచ్చిన రోజున హెడ్మాస్టరు సంజీవరావు గారు ముందు వరండా చూపించి, తరవాత కారుతున్న గది చూపించి, చివరికి పిల్లల్ని చూపించారు. "ఇదేనండి మన సామ్రాజ్యం" అన్నారు నవ్వుతూ.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, షేర్ ఆటోలో కాలవ గట్టు వెంట లోపలికి పోతే వస్తుంది ఆ ఊరు. బడి అంటే రెండు గదులు, వెనకాల రేకుల వంటపాక, దాని వెనక వయ్యారిభామ మొక్కలు నడుం ఎత్తున పెరిగిన ఖాళీ జాగా. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నీ కలిపినా పిల్లలు ఇరవైమంది ఉండరు.

రామతులసి రోజూ విజయవాడ నుంచి వచ్చి పోయేది. సత్యనారాయణపురంలో ఒక మేడ మీద వాటాలో ఒక్కతే ఉండేది. భర్త రామకోటేశ్వరరావు వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో సేల్స్‌మన్‌గా చేసేవాడు. ఇద్దరివీ పెడన వైపు మగ్గాల ఇళ్ళే. పిల్లలు కలగలేదు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇద్దరికీ ఒకే వారంలో జ్వరం వచ్చింది. ఆయన ఆస్పత్రికి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆవిడకి ఇంట్లోనే తగ్గింది. తగ్గింది గానీ పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు.

మొదట్లో ఆవిడ పట్టించుకోలేదు. మనిషే పోయాక ముక్కు సంగతి ఎవరిక్కావాలి? కొన్ని నెలలు గడిచాక, మల్లెపూలు కొనుక్కుని ఇంటికొచ్చి, దండ ముఖానికి ఆనించుకుంటే కాగితం పూలలా ఉన్నాయి. అప్పుడు భయం వేసింది. సూర్యారావుపేటలో డాక్టరు దగ్గరకి వెళితే, "నరం దెబ్బతిందమ్మా. రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు.

నాలిక మీద ఉప్పు, పులుపు, కారం తెలిసేవి. అంతకు మించి ఏమీ లేదు. గోంగూర అంటే పులుపు. వంకాయ అంటే మెత్తదనం. కాఫీ అంటే వేడి. వండుకోవడం తగ్గించేసింది. అన్నంలో పెరుగు కలుపుకుని, టీవీ చూస్తూ మింగేసేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే "పోనీలెండి, ప్రాణం దక్కింది" అంటారని ఆవిడకి తెలుసు. ఆ మాట వినే ఓపిక లేదు.

భర్త ఆఖరిసారి విడిచిన చొక్కా ఒకటి ఉతక్కుండా బీరువాలో పెట్టుకుంది. రోజంతా తానులు విప్పి మడతలు వేసే మనిషి కాబట్టి ఆయన ఒంటిని ఎప్పుడూ కొత్త గుడ్డ వాసన, గంజి వాసన అంటిపెట్టుకుని ఉండేవి. ఆ వాసన ఎలా ఉంటుందో ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తొచ్చేది కాదు. ఉండేదన్న మాట మాత్రమే గుర్తుంది. ముక్కు ఎప్పుడు బాగుపడితే అప్పుడు ఆ చొక్కా తీసి చూసుకుందామనుకుంది.

బళ్ళో తోట మొదలవడం ఎవరూ అనుకుని చేసిన పని కాదు. మధ్యాహ్న భోజనం వండే మణెమ్మ కుళ్ళిన టమాటాలు పిల్లలు చేతులు కడుక్కునే కుళాయి పక్కన పారేసేది. ఆ తడిలో వాటంతటవే మొక్కలు లేచాయి. నాలుగో తరగతి చక్రి ముందు చూశాడు. ఒక ఆకు తుంపి, వేళ్ళతో నలిపి, పరిగెత్తుకుంటూ వచ్చి రామతులసి ముక్కు కింద పెట్టాడు.

"టీచర్, వాసన చూడండి! టమాటాయే!"

"అవున్రా, టమాటాయే" అంది రామతులసి. ఏ వాసనా రాలేదు. వాడి ముఖం చూసి అనేసింది.

మర్నాటికి పిల్లలే ఆ మొక్కల చుట్టూ మేకలు రాకుండా ముళ్ళకంప పెట్టారు. కాయలు కాశాక మణెమ్మ వాటిని పప్పులో వేసింది. ఆ రోజు అన్నం దగ్గర పిల్లలు చేసిన గోల చూసి, "ఆ వెనక జాగా ఊరికే పడుంది కదండీ" అంది రామతులసి హెడ్మాస్టరుతో. ఆయన ఊళ్ళో ఒక రైతుని బతిమాలి దున్నించారు. గింజలు పిల్లల ఇళ్ళ నుంచే వచ్చాయి. వంగ, బెండ, గోంగూర, తోటకూర, పందిరి వేయడానికి చిక్కుడు. మగ్గాల ఇంట్లో పుట్టిన రామతులసికి నూలు తెలుసు గానీ మట్టి తెలియదు. తోటకూర మొలకలు గడ్డి అనుకుని ఒక మడంతా పీకేసింది. పిల్లలు వారం రోజులు నవ్వుకున్నారు. ఆవిడా నవ్వింది.

వాళ్ళలో రుచిత అని ఐదో తరగతి పిల్ల ఉండేది. తల్లీ తండ్రీ చేపల చెరువుల దగ్గర పనికి పోతే, తాతయ్య దగ్గర పెరుగుతోంది. ఎక్కువ మాట్లాడదు. మడి దగ్గర కూర్చుంటే ఒక్కో ఆకూ తిరగేసి పురుగుందేమో చూసేది. చిక్కుడుకి పేనుబంక పడితే పొయ్యిలో బూడిద తెచ్చి చల్లింది. రామతులసికి ఆ పిల్ల పక్కన కూర్చోవడం హాయిగా ఉండేది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకపోయినా కాలం గడిచేది. ఇంటి దగ్గర అలా గడిచేది కాదు. ఆదివారాలు మరీ పొడుగ్గా ఉండేవి. కొన్ని ఆదివారాలు మొక్కలకి నీళ్ళు పోయాలని మనసులో వంక పెట్టుకుని, బస్సెక్కి వచ్చి, తాళం వేసిన బడి వెనక ఒక్కతే బిందెలతో తిరిగేది. ఎండెక్కాక వరండాలో కూర్చుని, మళ్ళీ బస్సెక్కి పోయేది.

కార్తీక మాసం వెళ్ళాక కాపు బాగా వచ్చింది. ఒక శనివారం తోటలో కాసిన కూరలతోనే వంట చేద్దామనుకున్నారు. చిన్నపిల్లలు గోంగూర ఆకు దూశారు, చిక్కుళ్ళకి ఈనెలు తీశారు. పెద్దవాళ్ళు వెల్లుల్లి వలిచారు. మణెమ్మ కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరిగి, పెద్ద మూకుడులో పొయ్యి మీద వేసింది. ఇంతలో బయట గుడ్ల బండి వచ్చి హారన్ కొట్టింది.

"టీచరు గారూ, కూర కాస్త చూస్తుండండి" అని మణెమ్మ వెళ్ళింది.

రామతులసి పొయ్యికి వీపు పెట్టి, గడప మీద కూర్చుని ఒక చిన్నపిల్ల వేలికి గుచ్చుకున్న ముల్లు తీస్తోంది. ముల్లు లోతుగా దిగింది. పిల్ల ఏడుస్తోంది. ఆ పనిలో ఉండగా రుచిత తోటలోంచి పరుగున వచ్చి, ఆవిడని దాటుకుని లోపలికి పోయి, గరిటె పట్టుకుని మూకుడు అడుగు నుంచి కలబెట్టింది. వెనకే మిగతా పిల్లలూ వచ్చారు.

"మాడిపోయింది టీచర్!" అన్నాడు చక్రి. "అక్కడిదాకా కొడుతోంది. మీకు మాడు వాసన రావట్లేదా?"

రామతులసి లేచి మూకుడు చూసింది. అంచులంతా నల్లబడింది. "జలుబు చేసింది" అని తప్పించుకోవచ్చు. అంతకు ముందు చాలాసార్లు అలాగే అంది. ఆ రోజు ఎందుకో నోరు రాలేదు.

"రాదురా. నాకు ఏ వాసనా తెలియదు. కరోనా వచ్చినప్పుడు పోయింది."

రెండేళ్ళకి పైగా దాచుకున్న మాట అంత తేలిగ్గా బయటికి వచ్చేసింది. మణెమ్మ వచ్చి, చూసి, పైపై కూర వేరే గిన్నెలోకి తీసింది.

వరండాలో వరసగా కూర్చుని అందరూ అన్నం తిన్నారు. ఎప్పటిలాగే ఎవరో "టీచర్, కూరెలా ఉంది?" అని అడిగారు. ఆవిడ పక్కనే కూర్చున్న రుచిత ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "నేను చెప్తా టీచర్" అంది.

"చెప్పు."

"కొంచెం పొగ వాసన టీచర్. చలికాలం మా తాతయ్య మంట దగ్గర కూర్చుని లేచొస్తాడా, దుప్పటి అలా ఉంటుంది. దాని మీద వెల్లుల్లి. వంకాయ వాసన... అది కింద ఉంది. చిన్నగా ఉంది."

రామతులసి తల వంచుకుని తినేసింది. కళ్ళు తుడుచుకుంటే పిల్లలు చూస్తారని తుడుచుకోలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళు పిల్లలకి అదో ఆట. కొత్తిమీర, నిమ్మాకు, ఇంగువ డబ్బా, ఏది దొరికితే అది తెచ్చి ఆవిడ ముక్కు దగ్గర పెట్టి, "ఇది? పోనీ ఇది?" అనేవాళ్ళు. ఒకమ్మాయి ఇంటి నుంచి తులసి కొమ్మ తెచ్చి, "ఇది మీ పేరే కదా టీచర్, ఇదైనా రావాలి" అంది. చక్రి తన చెప్పు తెచ్చాడు. దానికి వాణ్ణి అందరూ తరిమారు. రానురాను ఆట పాతబడింది. రుచిత మాత్రం అన్నం దగ్గర మానలేదు. పప్పు వస్తే పప్పు గురించి, గుడ్డు వస్తే గుడ్డు గురించి ఒక్క మాట చెప్పేది.

ఇదంతా జరిగాక రామతులసికి ఒక ఆలోచన వచ్చింది. తన ముక్కు బాగుపడేదాకా ఎందుకు ఆగాలి? ఒక ఉదయం బీరువాలోంచి చొక్కా తీసి, కవర్లో పెట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బడికి వచ్చింది. రుచితని అడగడానికి మనసొప్పలేదు. పిల్లలు వచ్చే ముందు వంటపాకలోకి వెళ్ళింది.

"మణెమ్మా, ఒకటి అడుగుతాను. నవ్వకూడదు."

"చెప్పండి."

"ఇది వాసన చూసి, ఏం వస్తోందో చెప్పు."

మణెమ్మ చేతులు చెంగుకి తుడుచుకుని చొక్కా అందుకుంది. ముఖం దగ్గర పెట్టుకుంది. "ఎవరిదండీ?" అంది.

"ఆయనది."

మణెమ్మ మళ్ళీ చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. కాలరు దగ్గర, చంకల దగ్గర, జేబు దగ్గర.

"కలరా ఉండల వాసనండి."

"ఇంకేం లేదా? కొత్త గుడ్డ వాసన... గంజి వాసన..."

"లేదండి" అంది మణెమ్మ నెమ్మదిగా. "కలరా ఉండల వాసనే. బాగా పట్టేసింది."

బొద్దింకలు కొడతాయని ప్రతి వానాకాలం ఆ ఉండలు కొని బీరువాలో వేసింది రామతులసే. అవి ఎంత ఘాటుగా ఉంటాయో ఆవిడకి తెలిసే దారి లేదు. తన చేత్తోనే ఆయన వాసన తుడిచేసుకుంది. మణెమ్మే చొక్కా మడతపెట్టి కవర్లో పెట్టింది.

"మా ఆయన పోయినప్పుడు నేను ఆ నెల్లోనే చొక్కాలన్నీ చింపి మసిగుడ్డలు చేసేశానండి" అంది. "వాసన ఉన్నన్నాళ్ళూ నాకు నిద్ర పట్టలేదు."

గంట కొట్టే వేళయింది. రామతులసి వెళ్ళి ప్రార్థన చేయించింది, హాజరు వేసింది, మూడో ఎక్కం అప్పచెప్పించుకుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆ చొక్కా సబ్బు పెట్టి ఉతికి మేడ మీద తీగకి ఆరేసింది. ఆరాక ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించింది. కలరా ఉండలన్నీ ఏరి పారేసింది.

ఏప్రిల్‌లో రుచిత ఐదు పూర్తి చేసింది. సెలవులివ్వక ముందే తల్లిదండ్రులు వచ్చి, కైకలూరు వైపు చెరువుల దగ్గరికి తీసుకుపోయారు. అక్కడి హైస్కూల్లో వేస్తామన్నారు. ఆ పిల్ల వెళ్ళే రోజున బడికి రాలేదు. ముందు రోజు మాత్రం చిక్కుడు పందిరి కింద ఎండుకాయలు ఏరి, గింజలు ఒలిచి, మణెమ్మకి ఇచ్చి పోయింది. ఆ ఎండాకాలంలోనే సంజీవరావు గారు రిటైరయ్యారు. జూన్‌లో బడి తెరిచేసరికి మూడు నుంచి పై తరగతులు జంక్షన్ బడిలో కలిసిపోయాయి. చక్రీ అటే వెళ్ళాడు. మిగిలింది ఒకటీ రెండూ చదివే గుప్పెడు మంది పిల్లలు, ఒక టీచరు, మణెమ్మ. రెండో గదికి తాళం పడింది.

తోట ఎండి నేల బీటలు తీసింది. వానలు పడ్డాక రామతులసి పలుగు పట్టి తనే తవ్వింది. చిన్నపిల్లలు చేయగలిగింది తక్కువ. ఒకడు గింజలు నాటి, మొలిచాయేమోనని పూటపూటా తవ్వి చూసేవాడు. మొదటి రోజే ఆవిడ వాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది: "నాకు వాసన తెలియదు. ఏదైనా మాడితే మీరే అరవాలి." వాళ్ళు సరేనని తలలూపారు. ఆ మాట వాళ్ళకి ఎంతవరకు అర్థమయిందో తెలియదు. అన్నం దగ్గర "బాగుంది టీచర్" అనేవాళ్ళు. ఇంకొంచెం అడిగితే "చాలా బాగుంది టీచర్" అనేవాళ్ళు. ఐదారేళ్ళ పిల్లలు, ఇంకేం చెబుతారు?

దసరా సెలవులకి ముందు గోంగూర గుబురుగా పెరిగింది. పిల్లలకి పంచి, మిగిలిన రెండు కట్టలు ఆవిడ ఇంటికి తెచ్చుకుంది. ఆదివారం పొద్దున, ఎన్నాళ్ళకో, వంటింట్లో బాండీ పెట్టి, గోంగూర మగ్గబెట్టి, ఎండుమిరపకాయలు, మెంతులు, వెల్లుల్లి వేసి పోపు పెట్టింది. రంగు చూసుకుంటూ, చిటపట వింటూ చేసింది. అప్పుడే ఎవరో తలుపు కొట్టారు. ఎదురు వాటాలోకి కొత్తగా దిగిన జ్యోతిర్మయి, చేతిలో ఖాళీ గిన్నెతో నిలబడి ఉంది.

"ఏమనుకోకండి ఆంటీ, కొంచెం పంచదార కావాలి" అని, లోపలికి తొంగిచూసి, "గోంగూరేనా? మా హాల్లోకి కొడుతోంది వాసన!" అంది.

రామతులసి గిన్నె అందుకుంది. అందుకుని, లోపలికి వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"ఎలా ఉందమ్మా వాసన?"

జ్యోతిర్మయికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నవ్వింది. "బాగుందాంటీ" అంది.

రామతులసి పంచదార పోసి, ఒక చిన్న గిన్నెలో పచ్చడి కూడా పెట్టి ఇచ్చింది. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. ఎదురు వాటా తలుపు మూసుకుంది. రామతులసి కంచంలో వేడి అన్నం పెట్టుకుని, పచ్చడి కలుపుకుని, టీవీ పెట్టకుండా కూర్చుంది. పుల్లగా ఉంది, కారంగా ఉంది. రెండోసారి కూడా అన్నం వడ్డించుకుంది.