అత్తకు మిగిలిన ఒక్క తిట్టు

పోయిన వారం జనగామ షెడ్డుల లారీ కింద పండుకొని బోల్టు విప్పుతున్న. పాలకుర్తి బస్సు కండక్టర్ వంగి చూసి, "మీ మేనత్త పొద్దుగాల పోయిందట" అన్నడు. చేతిల పానా చేతిలనే ఉండిపోయింది.

అమ్మ పోయినంక నన్ను సాకింది అత్తనే. అన్నానికి పిలిచినా, జ్వరమొస్తే నుదురు పట్టి చూసినా ఒకటే మాట: "నీ మొకం మండ!"

కొన్నేండ్ల కింద ఆమెకు పక్షవాతం కొట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయ్. మాటలన్ని పోయి ఆ తిట్టొక్కటే మిగిలింది. వరంగల్ దవాఖానల డాక్టర్ "పేరేందమ్మా?" అనడిగితే అదే చెప్పింది.

ఆయన నవ్వలేదు. "మెదడుల రక్తనాళం మూసుకపోయిందో, చిట్లిందో తెల్వాలె. మూసుకపోతే రక్తం పలచన చేసే మందున్నది. చిట్లితే ఆ మందే పాణం తీస్తది. హైదరాబాద్‌ల తల లోపల ఫోటో తీసే మిషన్ కొత్తగ వచ్చింది. ఇయ్యాల్నే తీస్కపోండ్రి."

మామ అప్పటికే సంచిల పావురాన్ని తెచ్చిండు. దాని రక్తం రాస్తే పడిపోయిన చెయ్యి లేస్తదని మా దిక్కు నమ్మకం.

"మిషన్ల తలకాయ పెడితే ఉన్నది గూడ పోతది. ఇంటికి పోదాం."

నాకు ఒళ్లు మండింది. "పావురం లోపల చూసి చెప్తదా మామా?"

"నువ్వేమన్న డాక్టరువా? లారీలు బాగుచేసెటోనివి!"

"లారీనైనా బానెట్ లేపకుండ ముట్టుకోను!"

మామ ఆమె దిక్కు వంగిండు. "ఇంటికి పోదామానే?"

"నీ మొకం మండ!" పండ్లు కొరికి అన్నది.

నేనడిగిన. "పట్నం పోదామా అత్తా?"

"నీ మొకం మండ." మెత్తగ, కంచం ముందర పెట్టి పిలిచినట్టు.

డాక్టర్ మామ దిక్కు చూసి, "ఇన్నవా, పట్నమే అంటున్నది" అన్నడు. మామ జీపు కోసం ఉరికిండు. పావురం గూడ మాతోని పట్నం చూసొచ్చింది.

రక్తనాళం చిట్లలేదు, మూసుకపోయింది. మందు మొదలువెట్టిండ్రు. పట్నం డాక్టర్ ఫోటోల మసక మచ్చ చూపిచ్చి, "మాటలు ఈడుంటయ్. తిట్లు వేరే జాగల గూడ ఉంటయ్, అందుకే మిగిలింది" అన్నడు.

"మా అత్తకైతే తల నిండ అవే సార్" అన్న.

ఆ మిషన్ ఒక్క పట్నంలనే ఎందుకుండాలె? మా జనగామోళ్లకు తలలు లేవా? ఈ కోపం నాకు ఇప్పటికీ సల్లారలేదు.

అత్త కట్టె పట్టుకొని నడిచింది. "నీళ్లు" అన్నది, "అన్నం" అన్నది, ఒకనాడు నా పేరు పట్టి పిలిచింది.

మొన్న ఎండకాలం పక్కింటాయనకు అదే జబ్బు కొట్టింది. కొడుకులు పావురం కోసం బయలెల్లిండ్రు. వాళ్ల వాకిట్ల అత్త అడ్డం నిలవడ్డది. చెప్పనీకె మాటలు చాలలేదు. ఎడమ చేత్తోని తన తల ఫోటోను ఎండకు ఎత్తిపట్టింది. కొడుకులిద్దరు మెడలెత్తి ఆమె తల లోపలికి చూస్తున్నరు. అత్త చెయ్యి దించలేదు.