గంట దాటినా పోని గిత్త

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మేనకోడలూ, ఆమె కాలేజీ స్నేహితురాళ్లూ మా భోజనాల బల్ల మీద కాగితాలు, పాచికలు పరుచుకుని, బజ్జీలు తిన్న నూనె చేతులతోనే మంత్రాలూ రాక్షసులూ ఉండే ఆట ఒకటి ఆడుకుంటున్నారు. నేను పక్క గదిలో దుప్పట్లు మడత పెడుతూ చెవి అటే వేసి ఉంచాను, ఎందుకంటే ఆ ఆట నాకు తెలుసు, నాకు తెలుసన్న సంగతి మాత్రం వాళ్లకు తెలియదు. ఇంతలో మా మేనకోడలు ఫోనులో ఆటకాలం లెక్క చూసి, "గంటయిపోయిందే, నీ తోడేలు పోయింది, తీసెయ్" అంది. మంత్రం వేసి తోడేలును రప్పించిన అమ్మాయి వెంటనే బొమ్మను తీసేసింది. నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. గంటకే పోవడమేమిటి? నేను రప్పించిన గిత్త ఏడాది పాటు ఉంది కదా!

మా ఈడువాళ్లకు ఇలాంటి ఆటలెక్కడివని మీరు అనుకోవచ్చు. మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, మిషన్ బడిలో ఇంగ్లీషు టీచరు. ఆ బడిలో కొన్నాళ్లు చదువు చెప్పడానికి వచ్చిన ఒక విదేశీ అమ్మాయి వెళ్లిపోతూ ఈ ఆట పుస్తకాన్నీ, ఇరవై ముఖాల పాచికనూ చిన్నమ్మకు ఇచ్చిపోయిందట. అవి ఎన్నాళ్లో ట్రంకు పెట్టె అడుగున పడి ఉన్నాయి. నాకు పదకొండేళ్లప్పుడు చిన్నమ్మకు వెన్నెముకలో జబ్బు చేసి, ఛాతీ నుంచి నడుం కింద దాకా పిండికట్టు వేసి, నల్లపాడులో మా అమ్మమ్మ ఇంటికి తెచ్చి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. అక్కడే ఉండి చదువుకుంటున్న నేనూ అన్నయ్యా ఆమెకు కాలక్షేపం అయ్యాం, లేకపోతే ఆమే మాకు కాలక్షేపం అయిందో, ఇప్పటికీ చెప్పలేను. రోజూ బడి నుంచి రాగానే పుస్తకాల సంచులు అరుగు మీద పడేసి ఆ మంచం చుట్టూ చేరేవాళ్లం. చిన్నమ్మ పైకప్పు కేసి చూస్తూనే అడవులు, కోటలు, వాగులు చెప్పేది. మాకు చింతపిక్కలే సైన్యం.

నేను మంత్రగత్తెను. రప్పించే మంత్రానికి పెద్ద తతంగమే ఉండేది. పిలిచిన జంతువు ఎక్కడ నిలబడాలో ముందే చూపించాలి, ఆ చోటు నా కంటికి కనబడేదై ఉండాలి. అది నా మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. నా వంతు అయ్యాక దాని వంతు. దెబ్బలు తిని పడిపోయినా చచ్చిపోదు, వచ్చిన చోటికి వెళ్లిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, అది ఉన్నంతసేపూ నా ధ్యాస దాని మీదే ఉండాలి. శత్రువు నన్ను కొడితే పాచిక వెయ్యాలి, పదికి తక్కువ పడితే ధ్యాస చెదిరినట్టే, జంతువు మాయం. నేను ఏనుగు కావాలని మంకుపట్టు పడితే, బాగా తెలిసిన జంతువునే పిలవాలని చిన్నమ్మ తేల్చి చెప్పింది. అలా వచ్చింది మా ఒంగోలు గిత్త, గజమెత్తు మూపురంతో.

మధ్యమధ్య చిన్నమ్మకు నొప్పి వచ్చేది. మంచం పట్టె పట్టుకుని కళ్లు మూసుకునేది. కళ్లు తెరిచి, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేది, ఒక్క అడుగైనా వెనక్కి వెళ్లేది కాదు. ధ్యాస అంటే ఏమిటో నాకు ఎవరూ విడమరచి చెప్పలేదు, చూసి నేర్చుకున్నాను.

కట్టుతో నయం కాలేదు. ఆపరేషన్ చెయ్యాలన్నారు, చేసినా నడుస్తుందో లేదో, అసలు బల్ల మీంచి లేస్తుందో లేదో చెప్పలేమన్నారు. ఆ ఉదయం గుంటూరు ఆస్పత్రి వరండాలో నేను బెంచీ మీద కూర్చుని, కళ్లు తిప్పకుండా గిత్తనే తలుచుకుంటున్నాను. చిన్నమ్మ బయటికి వచ్చేదాకా అది పోకూడదు, అది ఉంటే ఆమె ఉంటుంది, అంతే, నా బుర్రకు అలా తట్టింది. అమ్మమ్మ ఇడ్లీ తింటావా అని మూడుసార్లు అడిగిందట. నేను పలకలేదు. ముందే ప్రాణం ఉగ్గబట్టుకుని ఉందేమో, "ఏమే, అడుగుతుంటే ఉలకవూ పలకవూ ఏంటే!" అని వీపు మీద ఒక్కటి చరిచింది.

దెబ్బ తగిలింది, మరి రూలు రూలే. గౌను జేబులోంచి పాచిక తీసి గచ్చు మీద వేశాను. ఆరు పడింది. పదికి తక్కువ, గిత్త పోయినట్టే. చిన్నమ్మను నేనే చంపేశానని వరండా అదిరిపోయేలా ఏడుస్తుంటే, పాపం అమ్మమ్మ తను కొట్టినందుకేనని నన్ను ఒళ్లోకి లాక్కుని తనూ ఏడ్చింది.

మధ్యాహ్నం చిన్నమ్మను బయటికి తెచ్చారు, బతికే ఉంది. నాలుగు రోజుల తర్వాత ఎక్కిళ్లు పెడుతూ నా నేరం ఒప్పుకున్నాను. నవ్వితే కుట్లు లాగుతున్నాయని చిన్నమ్మ నడుం పట్టుకుంటూనే, "ఓసి పిచ్చిదానా, అది గిత్త పోయే రూలే, మనుషులు పోయే రూలు కాదు. అయినా అమ్మమ్మ దెబ్బ ఆటలోకి రాదు. నీ గిత్త ఇక్కడే, నా మంచం పక్కనే ఉంది" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆరు నెలలకు చిన్నమ్మ చేతికర్రతో బడికి వెళ్లింది, రిటైరయ్యేదాకా ఆ కర్రతోనే పాఠాలు చెప్పింది. పనుల్లో పడి ఆట ఆగిపోయింది.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. ట్రంకు పెట్టె మా ఇంటికే వచ్చింది గానీ, తెరవడానికి మనసు రాలేదు. మొన్న దుప్పట్లు పక్కన పడేసి తెరిచాను. పుస్తకంలో ఆ పేజీ దొరికింది. రప్పించిన జంతువు ఒక్క గంట మాత్రమే ఉంటుందని అచ్చులో స్పష్టంగా ఉంది. ఆ వాక్యం, చిన్నమ్మ మా కాపీ పుస్తకాల్లో తప్పు కొట్టేసినట్టే, ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి ఉంది.

తను ఎన్నాళ్లుంటుందో తెలియని మనిషి పిల్లల గిత్తకు గంటే గడువని చెప్పలేకపోయింది కాబోలు. నాకు చాలా ఏడుపొచ్చింది. ఇప్పటి పిల్లలు మా కంటే తెలివిగా, తప్పుల్లేకుండా ఆడుతున్నారు, ధ్యాస చెదిరిందో లేదో కూడా ఫోనే చెబుతుంది. అది మంచిదే, కాదనను. కానీ ఫోనులో ఉన్న వాక్యం మీద ఎర్ర సిరా గీత పెట్టడానికి వాళ్లకు ఎవరున్నారు?

ఆ సాయంత్రం పిల్లలు బొమ్మలన్నీ డబ్బాలో సర్దేసుకుని వెళ్లిపోయారు. మా గిత్తను మాత్రం ఇవాళ్టి వరకూ ఎవరూ పొమ్మనలేదు.