కంటపడకుండా వెళ్లిపోయేవాళ్లం

మొన్న అరకులో మనవణ్ణి మొదటిసారి అంగన్‌వాడీలో దింపుతుంటే వాడు తల్లి చున్నీ వదలలేదు. బొమ్మల ధ్యాసలో పడగానే వెనకనుంచి జారుకోమని నా కూతురికి సైగ చేశాను. అది నావైపు చూసిన చూపుకి తలెత్తలేకపోయాను.

ఆ విద్య నాకు మా అమ్మ నుంచి వచ్చింది. మా కొండ ఊళ్లో బడి లేదని ఊహ తెలిసీ తెలియకముందే నన్ను కొండ కింద, అక్కడే ఉండి చదువుకునే ఆశ్రమ పాఠశాలలో వేశారు; నా ఈడువాళ్లకి ఆ నీళ్లపప్పు సంగతి చెప్పక్కర్లేదు. సంతరోజున అమ్మ విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపు అమ్ముకుని వచ్చి, నా చేతిలో మరమరాల ఉండ పెట్టి, "ఇక్కడే కూకో గుంటా, నీళ్లు తాగి బేగి వచ్చేత్తాను" అని వెళ్లేది, ఇక వచ్చేది కాదు. మా ఊరి తల్లులంతా అంతే, పిల్లని ఏడిపించి వెళ్లడం పాపమనుకునేవారు. తినేస్తే అమ్మ రాదేమోనని ఆ ఉండని చీకటిపడేదాకా అలాగే పట్టుకుని కూర్చునేదాన్ని.

పెళ్లయ్యాక మా ఆయన చొక్కా తొడుక్కుంటే చాలు, ఎక్కడికి, ఎప్పుడొస్తారని ప్రాణం తీసేదాన్ని. పాపం, ఆయన బీడీ కాల్చుకోవడానికి వీధిలోకెళ్లినా నాకు చెప్పే వెళ్లేవారు.

ఇంత పడ్డదాన్ని, సీలేరులో నర్సుగా చేస్తున్న రోజుల్లో నా కూతురికీ అదే చేశాను. పక్కింటి అక్క దానికి కోడిపిల్లల్ని చూపిస్తుంటే నేను పెరటి దారిన డ్యూటీకి పోయేదాన్ని. కొన్నాళ్లకి అది ఏడవడం మానేసిందని అక్క చెబితే, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. నా మీద ఆశ వదులుకుందని నాకు తట్టనే లేదు.

ఇప్పుడు అల్లుడు ఊరెళితే ఎప్పుడొస్తావని అది అడగదట, రాకపోయినా సరేనన్నట్టు ఉంటుందట. అతను నవ్వుతూనే చెప్పాడు. ఆ పిల్లాడి కాపురంలో చల్లదనానికి కారణం నేనని ఏ ముఖంతో చెప్పను?

ఆరోజు అంగన్‌వాడీలో నా కూతురు కొడుకు ముందు గొంతుక్కూర్చుని, అన్నం తిన్నాక వస్తానని చెప్పి, వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే తానూ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఏడుపు వినలేక పారిపోయి, అదే ప్రేమ అనుకున్నాం మేము. వీళ్లు నిలబడి వింటున్నారు. మధ్యాహ్నం వాడు పరుగున వచ్చి, ఇంతసేపు ఎందుకు రాలేదని తల్లిని పిడికిళ్లతో కొట్టాడు. నా కూతురు నన్ను ఎన్నడూ అలా కొట్టలేదు.