పనసపొట్టు కూర కోసం తీసేసిన లైను

1937 ఎండాకాలం. శాలిబండ దిగువన ఒక గల్లీలో ఖాదర్ సాబ్ అచ్చాఫీసు ఉండేది. ముందు గదిలో ఉర్దూ పని, వెనక గదిలో తెలుగు పని. ఆ వెనక గదిలో నేను కంపోజిటర్ని. అంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, స్టిక్ అనే ఇనుప పట్టీలో లైను లైనుగా పేర్చేవాణ్ణి. బడి మొహం చూసినవాణ్ణి కాను. అక్షరాలన్నీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి నేర్చుకున్నాను. తిన్నగా ఉన్న పుస్తకం చదవడం నాకు తర్వాత వచ్చిన విద్య.

ఇప్పుడు పత్రిక తెరిస్తే చాలు, సముద్రపు ఊళ్లకు రండి, అది తినండి ఇది తినండి అని రంగు బొమ్మలతో పేజీలు నింపుతున్నారు. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి కాగితాన్ని ఒకప్పుడు నా చేతులతో నేనే పేర్చాను కనుక ఆ మంట ఎక్కువ.

విశాఖపట్నంలో హోటలు నడిపే పంతులుగారు ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. మన ఊరి ఎండలకు తాళలేని తెలుగువాళ్లను అక్కడికి రప్పించాలని ఆయన ఆలోచన. ఒక చేతి కాగితం అచ్చు వేయమన్నాడు. సముద్రపు గాలి తగిలే మేడగదులు, కొండ మీద దర్శనం, అనాసపండ్లు, ఆకు వేసి అడిగినంత వడ్డన, "ఎవరు వచ్చినను ఇంటివారివలె ఆదరింతుము" అని రాసి తెచ్చాడు. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో వేయమని ఇంకో లైను ఉంది: "పంచములకు ప్రవేశము లేదు." మాల మాదిగలను అప్పట్లో కాగితాల మీద అలా రాసేవారు.

మా ట్రెడిల్ తొక్కేది మల్లయ్య. ట్రెడిల్ అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం. ఛత్రినాకలో ఉండేవాడు, మాదిగ. నాకంటే పదేళ్లు పెద్ద, నన్ను తమ్మీ అనేవాడు. చదువు రాదు. కానీ కాగితం మీద సిరా ఎక్కడ పలచబడిందో మా అందరికంటే ముందు అతనికే కనిపించేది.

ప్రూఫు, అంటే తప్పులు చూసుకునే మొదటి అచ్చు, తీసి ఇచ్చాను. పంతులుగారు చదివి తొడ చరుచుకున్నాడు. "అయ్యో, ఆవపెట్టిన పనసపొట్టు కూర మర్చిపోయానయ్యా! అది లేకపోతే మా హోటలుకి పేరేముంది? ఎలాగైనా ఇరికించు."

"ఒక లైను ఎక్కువయితది పంతులూ. ఏదన్న తియ్యాలె."

"ఏం తీస్తావు?"

నేను వెనక్కి చూశాను. మల్లయ్య యంత్రానికి నూనె పోస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆ మాటను అతని కాలితోనే వెయ్యిసార్లు తొక్కించి అచ్చు వేయించడం నాకు మనసొప్పలేదు. "గీ ఆఖరు లైను తీస్తే సరిపోతది" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "తీసెయ్. గుమ్మం మీద బోర్డు ఉండనే ఉంది" అన్నాడు.

మంచి పని చేశాననుకున్నాను. ఆ మధ్యాహ్నం అన్నం కూడా ఎక్కువ తిన్నాను.

అచ్చయిన కాగితాలు ఆరబెడుతూ మల్లయ్య అడిగాడు: "తమ్మీ, గిండ్ల ఏం రాసిన్రు, సదువు జర." చదివాను. వడ్డన దగ్గరికి రాగానే ఆపి, మళ్లీ చదవమన్నాడు. ఒక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అతని భార్య నర్సమ్మ పెళ్లిళ్లలో పని చేసేది. జనం తిని లేచాక ఎంగిలాకులు ఎత్తి, పందిరి ఊడ్చేది. మరునాడు మల్లయ్యకు సద్ది తెచ్చినప్పుడు ఆ కాగితం ఆమే నాతో చదివించుకుంది. "గంతే తమ్మీ, నాకు ఒక్కపారి బంతిల కూసోవాలె. ఎవలో ఒడ్డియ్యాలె. తిని లేసినంక ఆకు నేను ఎత్త. గాడ్నే ఇడిసిపెట్టొస్త" అని పకపకా నవ్వింది.

"సముద్రం సూస్తవా, ఆకు ఇడిసిపెడ్తవా?" అన్నాడు మల్లయ్య.

"సముద్రం యాడికి పోతది? ముందు బువ్వ."

ఆమె వెళ్లాక మల్లయ్య గొంతు తగ్గించాడు. "తమ్మీ, మమ్ముల రానిస్తరంటవా?"

చెప్పాల్సిన క్షణం అదే. నేను స్టిక్ మీంచి తల ఎత్తలేదు. "ఇండ్ల అయితే రావద్దని రాయలేదన్నా" అన్నాను.

"రాయలే గద! అచ్చయినంక మాట తప్పుతరా?" అన్నాడు. అచ్చు మీద అతనికి అంత నమ్మకం. ఖాదర్ సాబ్ దగ్గర వారం సెలవు తీసుకున్నాడు. "జావో మల్లయ్యా, దర్యా చూసి రా!" అని సాబ్ భుజం తట్టి పంపాడు.

ఐదోరోజుకే తిరిగొచ్చాడు. వచ్చినవాడు నాతో మాట్లాడకుండా యంత్రం ఎక్కాడు. పని దిగాక నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

బెజవాడలో బండి మారి, మరునాడు పొద్దెక్కాక చేరారట. నర్సమ్మ కొత్త చీర కట్టుకుందట. గల్లా పెట్టె దగ్గర కూర్చున్నవాడు "మీరేమిట్లు?" అన్నాడట. అది కులం అడగడమని మల్లయ్యకు అర్థం కాలేదు. నర్సమ్మకు అర్థమై, దాచకుండా చెప్పింది. వాడు లోపలికి రావద్దన్నాడట. ఈలోగా పంతులుగారు బయటికొచ్చి మల్లయ్యను గుర్తుపట్టాడు.

"నువ్వా! నీకు తెలీదటోయ్? ఆ కాగితం అచ్చు వేసింది నువ్వేగా!"

మల్లయ్య జేబులోంచి కాగితం తీసి చూపించాడు. "ఇండ్ల రావద్దని లేదు గద అయ్యా."

"ఉండేది. మీ కంపోజిటరే తీయించాడు. వెళ్లి అతన్ని అడుగు."

ఇంత దూరం వచ్చారు కదా అని, అన్నం మూట కట్టిస్తాను, చెట్టు కింద తినండి అన్నాడట. నర్సమ్మ వద్దంది. ఇసుకలో ఒక జాలరి ఆమె వేయిస్తున్న చేపలు కొన్నారు. "గసొంటి చేప నా జన్మల తినలే తమ్మీ. మస్తుగున్నది. నర్సు ముట్టలే. సముద్రం దిక్కు సుత సూడలే. ఈపు వెట్టి కూసున్నది."

తర్వాత అన్నాడు: "గా లైను ఏందో సదువు."

"పోనియ్యన్నా..."

"సదువు."

చదివాను. మూడే మాటలు.

"గది ఉంటే తిట్టుకుంట అచ్చేసేటోన్ని. గాని నర్సును తీస్కపోకపోదును. నన్ను సూసి తీసినవు, సరే. అడిగిననాడు ఎందుకు జెప్పలే?"

పంతులుగారిని తిట్టడం మొదలుపెట్టాను. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. మల్లయ్య చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆయన్ని తిట్టకు. గీ ఊర్ల, మీ ఇంట్ల, మా నర్సుకు బంతిల ఆకేస్తరా? గది జెప్పు."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా అమ్మను అడిగాను. మాది నేతపని చేసే ఇల్లు. అమ్మ చెడ్డ మనిషి కాదు, బిచ్చగాణ్ణి ఏనాడూ ఖాళీ చేతులతో పంపలేదు. "పాపం, రమ్మను బిడ్డా. కడుపునిండ పెడ్త" అంది.

"యాడ కూసోవెడ్తవే?"

అమ్మ కొంచెం ఆలోచించి, "మెట్ల కింద తడక చాటున జాగ ఉంది కద. గాడ శుబ్రంగ అలుకుత" అంది.

నేను వాదించలేదు. మల్లయ్యను పిలవనూ లేదు. అతనూ మళ్లీ అడగలేదు. అదే గదిలో పదేళ్లు కలిసి పనిచేశాం. అచ్చయిన కాగితం ఇచ్చి నాతో చదివించుకోవడం మాత్రం ఆ రోజుతో మానేశాడు.

పనిలో నేర్చుకున్నది ఏమిటని కుర్రాళ్లు అడుగుతుంటారు. అక్షరాలు ఏరడం చేతికి ఆరు నెలల్లో వస్తుంది. పాడు మాటను కాగితం మీంచి తీసేసి దాన్ని దయ అనుకోవడం మాత్రం నాకు ఒక్క పూటలోనే వచ్చింది. అలా తీసేయడం వల్ల ఆ హోటలు కాగితం అందంగా తయారైంది. చదివినవాళ్లందరూ మెచ్చుకున్నారు. నర్సమ్మ మాత్రం చనిపోయేదాకా ఎవరి బంతిలోనూ కూర్చోలేదు.