నీళ్ళ ట్రేలో వోల్టేజి

"దీదీ, పాపా నహీఁ రహే," అంది మొన్న ఫోన్లో అంకుల్ కూతురు. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం హిందీయే. అంకుల్ ఇక లేరట.

తొంభైల్లో ఢిల్లీ కంటోన్మెంటులో మాది పై క్వార్టరు, ఆయనది కింది క్వార్టరు. సైన్యంలో ఎలక్ట్రీషియన్. శ్రీకాకుళం యాసని అంత దూరం తెచ్చుకుని చెక్కుచెదరకుండా కాపాడుకున్న మనిషి. పదకొండో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో నాకు ఫిజిక్స్ పోయింది. మళ్ళీ పోతే కామర్సే అన్నారు నాన్న. నేను అన్నం మీద అలిగి కూర్చున్నాను.

"పిల్లని నాకొదిలెయ్యన్నయ్యా. తప్పితే మీసం తీసెస్తాను," అన్నారు అంకుల్. ఆ మీసమంటే ఆయనకి ప్రాణం మరి!

చలికాలపు మధ్యాహ్నాలు, పెరట్లో ఎండ. గాజు ట్రేలో వేలి మందాన ఉప్పునీళ్ళు పోసి, రెండు చివరలా రేకుముక్కలు నిలబెట్టి, వాటికి బ్యాటరీ తగిలించారు. మీటరు నా చేతికిచ్చారు. నేను ఒక తీగ నీళ్ళలో ముంచి, రెండోది గాల్లో వదిలేసి, ముల్లు కేసి చూస్తూ కూర్చున్నాను. కదిలితేగా!

"ఏటమ్మా, ఒక్క తీగెట్టి ఏటి కొలుస్తావు? మీ యిల్లెంతెత్తు?"

"ఎక్కడి నుంచి?" అన్నాను.

"అద్గదీ! వోల్టేజీ అంతే. ఎక్కడి నుంచని అడక్కుండా దానికి అంకే లేదు."

ఒక తీగ రేకుకి ఆనించి, రెండోదాన్ని నీళ్ళలో మెల్లగా నడిపించాను. ఒకే అంకె వచ్చిన చోట్లన్నీ కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే ఒక గీత. కాస్త అవతల మరో గీత. అద్దంలా సమంగా ఉన్న నీళ్ళలో కంటికి కనపడని వాలు! ఆంటీ వేయిస్తున్న వేరుశనగకాయల వాసన, ఎక్కడో పరేడు బ్యాండు, నీళ్ళ మీద వణికే ఎండ. అప్పుడు చదువుకున్నానో, కలగన్నానో ఇప్పటికీ తెలియదు. తప్పు చేస్తే అంకుల్ కసిరేవారు కాదు. "ముల్లు అబద్ధమాడదమ్మా, మనమే తీగ తప్పెడతాం," అనేవారు.

మార్చిలో ప్రాక్టికల్. ఎగ్జామినరు సర్క్యూట్లో ఒకచోట వేలు పెట్టి, "యహాఁ వోల్టేజ్ కిత్నా హై?" అని, ఇక్కడ వోల్టేజి ఎంతో చెప్పమన్నారు.

"కహాఁ సే, సర్?" అన్నాను, ఎక్కడి నుంచని.

ఆయన కళ్ళజోడు తీసి నవ్వారు. "అచ్ఛా! జావో," అని ఇక వెళ్ళమన్నారు. ఇవాళ నేను ఫిజిక్స్ చెప్పుకుని బతుకుతున్నానంటే అంకుల్ చలవే.

బయటికొస్తే గేటు ఎదుట వేపచెట్టు కింద ఆయన, యూనిఫాంలోనే, సైకిలు పట్టుకుని. రమ్మని నేను చెప్పలేదు. నా ముఖం చూడగానే ఆయనకి సంగతి తెలిసిపోయింది. సీటు తుడుస్తున్నట్టు అటు తిరిగి, కళ్ళు తుడుచుకున్నారు. ఆయన టోపీ మీదా, భుజాల మీదా పండిన వేపాకులు రాలుతూనే ఉన్నాయి. దులుపుకోలేదు.