పతన సామర్థ్య నివేదిక

ఏ కాగితం చేతికిచ్చినా ఆయన తప్పు చదవకుండా వదిలిపెట్టేవాడు కాదు. నగర విద్యా కార్యాలయంలో, బడిపిల్లలు ఎంత బాగా చదువుతున్నారో ఏటా కొలిచే విభాగానికి ఆయనే అధికారి. కొలిచేవాడికే చదవడం రాదని ఆఫీసంతా చెవులు కొరుక్కునేది. వెనకాల అందరూ 'అచ్చుతప్పుగారు' అనేవాళ్ళు. ఆయనకి తెలుసు. ఆ పేరొక్కటీ మాత్రం తప్పు లేకుండా పలికేవాడు.

'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కనబడితే 'నిశ్శబ్దంగా పాడండి' అని చదివేవాడు. 'తలుపు మెల్లగా వేయండి' ఆయన నోట్లో పడితే 'తలుపు మెల్లగా మేయండి' అయిపోయేది. ఆయన దగ్గర కొత్తగా చేరిన లెక్కల అమ్మాయికి తలప్రాణం తోకకొచ్చేది.

ఆమె కళ్ళు పీక్కుపోయేలా కూర్చుని గీసిన గ్రాఫులు పట్టుకుని, ఒకరోజు ఆయన కమిషనర్ ముందు లేచి గొంతు సవరించుకున్నాడు.

"నగర విద్యార్థుల పతన సామర్థ్య నివేదిక."

"పఠనమండీ, పఠనం!" కమిషనర్ బల్ల చరిచాడు.

"చిత్తం. ఇటీవల మన పిల్లల చెదలు..."

"చదువులు! ఇలా ఇవ్వండి, నేనే చదువుకుంటాను."

లెక్కల అమ్మాయికి భూమిలో కూరుకుపోవాలనిపించింది. ఏళ్ళ తరబడి కిందన సంతకం గీకడమే తప్ప లోపలేముందో చూడని కమిషనర్, ఆ పూట నివేదిక మొత్తం పైకి చదివాడు. నగరంలో చాలా బడుల గీత పైకే పోతోంది. గోదాముల వెనకున్న చిన్నబడి గీత మాత్రం ఏటేటా కిందికి జారుతోంది. అక్కడికి వచ్చేసరికి కమిషనర్ గొంతు కూడా జారింది.

"ఈసారీ ఇంతేనైతే ఆ బడి మూసేసి, పిల్లల్ని పెద్దరోడ్డు అవతలి బడిలో కలిపేద్దాం."

బయటికి రాగానే ఆమె ఉండబట్టలేకపోయింది. "మీరు సరిగ్గా చదివుంటే ఆయన వినకుండానే సంతకం పెట్టేసేవారు కదండీ!"

"పెట్టేసేవారు. గీత అలా జారుతూనే ఉండేది. పదమ్మా, ఆ బడి చూసొద్దాం."

మూడో తరగతి టీచరు కిటికీ పక్క పిల్లను చూపించి గొంతు తగ్గించింది. "నిరుడు పరీక్షలో ఒక్క మాట తప్పు చదివిందని అందరూ నవ్వారు సార్. అప్పట్నుంచి నోరు విప్పదు. ఆ పిల్లను చూసి సగం క్లాసు మూగనోము పట్టింది."

ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆ పిల్ల బల్ల మీద ఇరుక్కుని కూర్చుని, పుస్తకం తెరిచాడు.

"బల్లి పాలు తాగింది."

పిల్ల పెదవులు బిగించింది.

"బల్లి గేదె దూకి పారిపోయింది."

"గేదె కాదు తాతా, గోడ!" పిల్ల ఆగలేకపోయింది. "బల్లి కూడా కాదు. పిల్లి!"

"ఎక్కడుందమ్మా? నాకు గేదే కనబడుతోందే!"

"ఇదిగో!" అంటూ పిల్ల వేలు పెట్టి పేజీ చివరిదాకా చదువుకుపోయింది. మధ్యలో ఒకచోట తడబడింది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఆయన్ని చూసి నవ్వడంలో తీరిక లేకుండా ఉన్నారు.

తిరిగొస్తూ లెక్కల అమ్మాయి నిలదీసింది. "అయితే ఇన్నాళ్ళూ కావాలనే చేస్తున్నారా?"

"తప్పు చదివేవాడొకడు పక్కనుంటే తక్కినవాళ్ళకి ధైర్యంగా ఉంటుందమ్మా," అన్నాడాయన మెల్లగా.

ఆనాటి నుంచి వారం వారం వెళ్ళి తప్పులు చదివి వచ్చేవాడు. పరీక్షరోజున మాత్రం ఆ ఛాయలకు పోలేదు. వేరేవాళ్ళు వచ్చి పరీక్ష పెట్టి వెళ్ళారు. ఆ ఏడు చిన్నబడి గీత కాస్త తల ఎత్తింది. ఆకాశాన్నేమీ అంటలేదుగానీ, బడి మూసే మాట వెనక్కిపోయింది.

కబురు చెప్పడానికి వచ్చిన లెక్కల అమ్మాయిని కిటికీ పక్క పిల్ల చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"అక్కా, తాత చదువుతుంటే మీ ఆఫీసులో నవ్వుతారా?"

"అప్పుడప్పుడూ..."

"నవ్వొద్దని చెప్పు. పాపం, ఆయనకి నెమ్మదిగా వస్తుంది. అంతగా రాకపోతే నా పక్కన కూచోబెట్టు, నేను చూసుకుంటాను."

"అలాగే," అంది లెక్కల అమ్మాయి, వస్తున్న నవ్వును బలవంతాన ఆపుకుంటూ.