మబ్బులో సలోమి మేడం గొంతు

మొన్న తెల్లవారగానే జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు వస్తుంటే దారిలో మంచు నా కారును కమ్మేసింది. అద్దాల అవతల తెల్లదనం తప్ప ఏమీ లేదు. మెడ వెనక చెమట పట్టింది. కారు పక్కకు తీసి, మంచు విడిచేదాకా అలాగే కూర్చున్నాను. అలాంటి తెల్లదనంలో నాకు వినిపించే గొంతు ఒకటే. సలోమి మేడంది.

గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చి, ప్రొద్దుటూరులో బట్టల దుకాణం పెట్టుకుని, యాభై దాటాక విమానం నడపడం నేర్చుకున్నవాణ్ణి నేను. ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వారు. నాకు వచ్చిన లైసెన్సు, నేలా ఆకాశమూ కంటికి ఆనుతున్నప్పుడు ఎగరడానికే పనికొస్తుంది. ఒకరోజు అద్దెకు తీసుకున్న చిన్న విమానంలో నా భార్య షమీమ్‌ను ఎక్కించుకుని గండికోట లోయ మీదుగా పోతుంటే, పక్కనున్న మబ్బు చూస్తుండగానే మమ్మల్ని మింగేసింది. లోయ మాయమైంది. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. ఎలాగో బయటపడేసరికి రెక్క నేలవైపు వాలిపోయి ఉంది, అద్దం నిండా ఎర్ర బండలు. షమీమ్ అరవలేదు. దిగాక మాత్రం, "నేర్చుకుంటే పూరాగా నేర్చుకో, లేదంటే మానుకో" అంది. మబ్బుల్లో, బయటికి చూడకుండా, ఎదురుగా ఉన్న పరికరాలనే నమ్మి నడిపే విద్య ఉంది. దాన్ని ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అంటారు. ఆ విద్య కోసం సలోమి మేడం దగ్గరికి వెళ్ళాను.

ఆమె జమ్మలమడుగు మిషన్ బడి పంతులుగారి కూతురు. నాకంటే పెద్దది, పొట్టి మనిషి, తెల్లజుట్టు బిగించి ముడి వేసుకునేది. విమానం నడపడం నేర్పుతూ దేశమంతా తిరిగినా మాట మాత్రం మా సీమదే.

"ఎందుకొచ్చినావు మస్తానూ?" అంది మొదటిరోజు.

"భయం పోగొట్టుకుందామని మేడం."

"పోదు. పోకూడదు గూడా. భయమేస్తే నాకు చెప్పు, నీ చేతులకు చెప్పొద్దు. అవి బిగుసుకుంటే విమానం మాట వినదు."

కొన్ని వారాలు నా నుదుటికి ఒక ముసుగు కట్టి, పరికరాలు తప్ప బయటి లోకం కనబడకుండా చేసి నడిపించింది. అది నాకు బాగానే వచ్చింది. ముసుగు తీస్తే వెలుతురు ఉంటుందన్న ధైర్యం మనసులో ఎక్కడో ఉండేది కాబోలు. ఆ తర్వాత ఒక వానాకాలం ఉదయం పులివెందుల మీద నిజమైన మబ్బులోకి తీసుకువెళ్ళింది. కాసేపటికి విమానం నిలకడగా పోతున్నట్టు అనిపించింది. "ఆ పలక చూడు" అందామె. విమానం ఎటు వాలిందో చూపే ఆ పలకలో బొమ్మ ఎడమకు ఒరిగి ఉంది. వేగం పెరుగుతోంది, ఎత్తు తగ్గుతోంది. పరికరం చెడిపోయిందనుకున్నాను. పక్కవి చూశాను. అన్నీ అదే మాట చెబుతున్నాయి. సరిచేశాను. అంతే, ఇప్పుడు కుడివైపు పడిపోతున్నట్టు ఒళ్ళంతా గగ్గోలు పెట్టింది.

"మేడం, పడిపోతాండాం! మీరు పట్టుకోండి!"

"పడిపోలేదు. ఒంటికి తూకం చెప్పే నీ చెవులు అబద్ధం చెప్తాండాయి. భయమేస్తాందా?"

"శానా."

"సరే, చెప్పినావు గదా. ఇంక పలక చూడు."

ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఒళ్ళు ఒకటి చెబుతుంటే కళ్ళు చూసిందాన్ని నమ్మడం నా జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది. మబ్బు విడిపోయి కింద చీనీకాయల తోటలు కనిపించినప్పుడు ఏడుపొచ్చింది.

దిగాక టీ తాగుతూ, "మీకు భయం కాలేదా?" అని అడిగాను.

"ఎందుకు కాలేదు? నాకొక శిష్యుడుండె. నాకన్నా బాగా నడిపేటోడు. భయమంటే ఏందో తెలీదనేటోడు. మబ్బులో పలక వదిలి ఒళ్ళు చెప్పింది నమ్మినాడు, తిరిగి రాలేదు. అప్పటినుంచి నేను మబ్బులోకి పోయినప్పుడల్లా వాడు గుర్తొస్తాడు."

"మరి పట్టుకోలేదే?"

"ఈ పొద్దు నేను పట్టుకుంటే, రేపు నువ్వొక్కడివే ఉన్నప్పుడు ఎవరు పట్టుకుంటారప్పా?" అని గ్లాసు కింద పెట్టింది.

పరీక్ష నెగ్గాను. ఆ సంతోషంలో షమీమ్‌తో బయలుదేరిన మొదటి ప్రయాణంలోనే, బ్రహ్మంగారిమఠం దాటాక కొండల మీద ఉరుముల మబ్బు గోడలా నిలబడి కనిపించింది. రేటింగ్ ఉంది కదా, దూరిపోదాం అనుకున్నాను. మళ్ళీ దానివైపు చూశాను. వెనక్కి తిప్పేశాను. దిగాక, మేడం తిడుతుందేమోనని భయపడుతూనే ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ఇప్పుడొచ్చింది నీకు రేటింగు" అందామె.

ఆమె పోయి ఏడాది దాటింది. నేను ఇంకా ఎగురుతూనే ఉన్నాను, భయపడుతూనే. కొన్ని ఉదయాలు విమానం దాకా వెళ్ళి, ఆకాశాన్ని చూసి, రెక్క మీద చెయ్యి వేసి ఇంటికి తిరిగి వచ్చేస్తాను. "ఏంది, పోలేదా?" అంటుంది షమీమ్. "ఈ పొద్దు వద్దులే" అని చెప్పులు విప్పుతాను. ఒకప్పుడు ఆ మాట అనడానికి నాకు సిగ్గుగా ఉండేది.